ఫ్యాను వెనక ఈల

జనవరి 9

ఒరేయ్ చిన్నోడా,

నువ్వు బిగించి ఇచ్చిన ఆ బుల్లి కంప్యూటర్‌ని ఎత్తి కిటికీలోంచి పారెయ్యకుండా నన్ను ఆపుతున్నది ఒక్కటే, కింద ఎవరైనా నడుస్తుంటారేమోనన్న భయం. చెప్పుల డబ్బా కంటే కాస్త పెద్దది. గోల మాత్రం పిండిమర గోల. స్విచ్చి వేసిన పది నిమిషాలకి మొదలవుతుంది, ఇక ఆగదు.

నా పని నీకు తెలిసిందేగా. రోజుకి మూడు గంటలు, పిల్లలంతా బళ్ళకి పోయి వీధి సద్దుమణిగాక, బట్టల బీరువా ఉండాల్సిన గదిలో తలుపు బిగించుకుని, గోడలకి పాత దుప్పట్లు కొట్టుకుని, పుస్తకాలు పైకి చదివి రికార్డు చేస్తాను. ఇన్నాళ్ళూ చిన్న చిన్న పాఠాలే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడొచ్చింది పెద్ద పుస్తకం, పంతొమ్మిది అధ్యాయాలు. ఇలాంటిది నాకివ్వమని ఆరేళ్ళుగా అడుగుతున్నాను. దీనికి ముందుగా ఖాళీ గదిని ఒక నిమిషం రికార్డు చేసి పంపాలట. ఎవరూ మాట్లాడకూడదు, కదలకూడదు. ఆ నిమిషాన్ని ప్రచురణ సంస్థలో ఒకాయన కూర్చుని వింటాడు. నేను చెవులాయన అని పేరు పెట్టుకున్నాను. మూడు అవకాశాలు. మూడోది కూడా పోతే పుస్తకం ఇంకొకరికి పోతుంది. మొదటిది మొన్న పంపాను. జవాబుగా రెండు ముక్కలు రాశాడు: "తిరస్కారం. ఫ్యాను."

పెట్టెని గది బయట పెట్టుకోవచ్చుగా అంటావు. బయట పెడితే వైర్ల కోసం తలుపు ఓరగా తియ్యాలి, తీస్తే లిఫ్ట్ చప్పుడు లోపలికొస్తుంది. అదీ చూశాను.

ఇక్కడి షాపుకి కూడా వెళ్ళాను. కంప్యూటర్ లోపల పెట్టే చప్పుడు లేని కూలర్ కావాలయ్యా అంటే ఆ కుర్చీలోని మనిషి ఎరుపూ నీలమూ లైట్లు వెలిగేది తీసి తిప్పి చూపించాడు. "మేడమ్, ఇది చీకట్లో అదిరిపోతుంది" అన్నాడు. నేను వినడానికొచ్చాను బాబూ, చూడటానిక్కాదు అన్నాను. అర్థం కాక ఆకుపచ్చ లైటుది తీశాడు. ఒళ్ళు మండిపోయి వచ్చేశాను. చప్పుడు గురించి అడిగితే రంగు చూపించే మనుషులంటే నాకు రోత.

ఫోన్లు వద్దక్కా, ఉత్తరాలు రాసుకుందాం, నీ గొంతు అరిగిపోతుంది అని నువ్వన్నప్పుడు నవ్వుకున్నాను గానీ, మంచి ఆలోచనే. నా గొంతు గురించి అంత ఆలోచించేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. మీ బావ సంగతి సరేసరి.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆ దరిద్రం జోలికి పోవట్లేదు కదా? రెండేళ్ళ కిందట ఆస్పత్రిలో నీ మంచం పక్కన పదకొండు రోజులు కూర్చున్నదాన్ని, అడుగుతాను. ఊపిరితిత్తిలో ఒక ముక్క తీయించుకున్న మనిషివి. నాన్న ఎలా పోయాడో ఇద్దరం చూశాం.

చెవి హోరెత్తిపోయి ఉన్న,
అక్క

*

జనవరి 16

అక్కకి,

నీ ఉత్తరం చదువుతుంటే నువ్వే ఎదురుగా నిలబడి తిడుతున్నట్టుంది. పైకి చదివే మనిషివి కదా, రాసినా పైకే వినపడుతుంది.

సంగతి ఇదీ. నీ పెట్టెలో ఉన్నది చిప్‌తో పాటు ఊరికే ఇచ్చే కూలర్. అరచేతిలో సగం ఉంటుంది ఫ్యాను. చిన్న ఫ్యాను వేడిని బయటికి తోయాలంటే పిచ్చిగా తిరగాలి, తిరిగితే అరుస్తుంది. పెద్ద ఫ్యానైతే తీరిగ్గా తిరిగి అంతే గాలి ఇస్తుంది. మరి పెద్దదే పెట్టెయ్యొచ్చు కదా అంటే నీ పెట్టెకి ఎత్తు లేదు. పొట్టిగా, వెడల్పుగా ఉన్నది వెతకాలి. నీళ్ళతో చల్లబరిచేవి ఉన్నాయి గానీ వాటి జోలికి పోవద్దు, వాటి మోటారు లోపల్లోపల గుర్రుమంటూనే ఉంటుంది. నువ్వు ఆ గుర్రు కూడా వింటావు.

కాబట్టి పెట్టె పక్క తలుపు తీసి లోపలి ఎత్తు ఎన్ని మిల్లీమీటర్లుందో కొలిచి రాయి. ఈలోగా పని ఆగకుండా ఒకటి పంపుతున్నాను. నా కస్టమర్ ఒకాయన ఇంకోటి మార్చుకుంటూ వదిలేశాడు. మార్కెట్లోకి వచ్చి ఏడాది దాటని మోడలే, పాతదేం కాదు. అలాంటి పెట్టెలోంచే తీశాను కాబట్టి పడుతుంది. చిప్ మీద వేడి లాగే పేస్టు శనగగింజంత చాలు, పూరీకి రాసినట్టు రాయకు.

నీ ప్రశ్నకి జవాబు: ఏం లేదక్కా. ముట్టలేదు. నీ మరదలు బాగుంది. నేనూ బాగున్నాను.

తమ్ముడు

*

జనవరి 27

ఒరేయ్,

ఆ కస్టమర్ ఎవడ్రా?

నువ్వు చెప్పినట్టే బిగించాను. శనగగింజంతే పెట్టాను. చప్పుడు నిజంగానే తగ్గింది, ఆ మాట ఒప్పుకోవాలి. సంతోషంగా తలుపేసుకుని చదవడం మొదలుపెట్టాను. అరగంటకి ఏదో వాసన. వైరు కాలుతోందేమో అనుకుని మైకు ఆపి ముక్కు పెట్టి చూశాను. వైరు కాదు. సిగరెట్. ఆ కూలర్ వేడెక్కిన కొద్దీ ఎవడో నా గదిలో, నా పక్కనే కూర్చుని కాలుస్తున్నట్టు వాసన.

విప్పి చూశాను. పైపైన తుడిచావు గానీ రేకుల మధ్య నీ చెయ్యి వెళ్ళలేదు. దూది స్పిరిట్‌లో ముంచి లోపలికి దూర్చాను. బయటికి తీస్తే బెల్లప్పాకం రంగు. రెండోదీ అంతే. పదకొండో దూది కూడా అంతే. ఫ్యాను రెక్కల అంచున దుమ్మూ ఆ పొగాకు పసరూ కలిసి జిగురు ముద్దలు కట్టాయి. ఒకటి గోరుకి అంటుకుంది. మూడుసార్లు సబ్బు పెట్టి కడిగినా ఆ వేలు నోటి దగ్గరికి తెచ్చుకోలేకపోయాను. మీ బావకి చూపిస్తే ముక్కు మూసుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

ఎలాంటి మనిషి వాడు? రోజూ ఆ మిషన్ ముందు కూర్చుని దాని మొహాన ఊదుతూనే ఉండి ఉంటాడు. ఇనప రేకులకే ఇంత పట్టిందంటే వాడి లోపల ఎంత పట్టి ఉంటుంది? వాడికి పెళ్ళాం ఉందా? ఉంటే ఆవిడ ఆ గదిలోకి ఎలా వస్తోంది? ఎవరైనా ప్రేమగా చెప్తే వింటాడా, లేక తల ఊపి, "సరే, మానేస్తా" అని, వీపు తిప్పగానే అంటించే రకమా? నాకు ఆ రకం బాగా తెలుసు. నాన్న షాపు పైకప్పు గుర్తుందా? తెల్ల సున్నం వేసినది గోధుమరంగుకి తిరిగిపోయింది. ఆయన కుర్చీ పైనున్న మేర ఇంకా నల్లగా. చిన్నప్పుడు అది వానకి తడిసిన మరక అనుకునేదాన్ని.

అలాంటి మనిషి దగ్గర వస్తువు తీసుకోవద్దు. నీకు అసలే మంచిది కాదు, నువ్వు దాన్ని ముట్టుకోవడమే నాకు నచ్చలేదు. నా గొంతు రెండు రోజులుగా గీరుకుంటోంది. ఆ కూలర్‌ని పేపర్లో చుట్టి అటక మీద పడేసి పాతదే మళ్ళీ పెట్టుకున్నాను. కుట్టు టేపుతో కొలిచాను, డెబ్భై ఒక్క మిల్లీమీటర్లు. కొత్తది పంపు. కొత్తది.

ఇంకా వేలు కడుక్కుంటున్న,
అక్క

*

ఫిబ్రవరి 6

అక్కకి,

కొత్తది పంపుతున్నాను, సీలు విప్పింది నేనే, పరీక్షించడానికి. అరవై ఆరు మిల్లీమీటర్ల ఎత్తు. నువ్విచ్చిన కొలతకి అయిదు తక్కువ. ఫ్యాను తలుపుకి మరీ ఆనుకుంటే జాలీలోంచి గాలి ఈడ్చుకుంటూ బుస్సుమంటుంది, ఆ సందు అవసరం.

నువ్వు బిగించేదాకా ఆగకుండా వింటావని, మా వెనకగదిలో బల్ల మీద తిప్పి ఒక నిమిషం రికార్డు చేశాను. నువ్విచ్చిన పాత మైకుతోనే. మెమరీ కార్డు ఉత్తరం చివర అంటించాను. మిషన్ పక్కనే కూర్చుని, నీ చెవులాయన నియమం ప్రకారం కదలకుండా, మాట్లాడకుండా చేశాను.

ఆ కస్టమర్ గురించి అంతలా రాశావు. మంచివాడే అక్కా. మానెయ్యాలని చూస్తూనే ఉంటాడు. కొందరికి చేతులు ఖాళీగా ఉంటే తోచదు, ఒంటరి పని, పొద్దంతా స్క్రూలు, ఎవరితోనూ మాట ఉండదు. అతను తనని తాను నువ్వు తిట్టినదానికంటే ఎక్కువే తిట్టుకుంటాడు. అయినా మనకెందుకులే.

మరదలు నిన్ను అడిగానని చెప్పమంది.

తమ్ముడు

*

ఫిబ్రవరి 15

చిన్నోడికి,

ముందు నా తప్పు. పెట్టె తలుపు మూసుకోలేదు. మూడు మిల్లీమీటర్లు పైకి తన్నుకుని ఉంది. నేను బోర్డు నుంచి తలుపు దాకా కొలిచాను, చిప్ పైనుంచి కొలవాలని నాకెవరు చెప్పారు? నువ్వు చెప్పాలి. "లోపలి ఎత్తు" అని ఊరుకుంటే నాకేం తెలుస్తుంది? ఈసారి చిప్ పైనుంచే, స్కేలు పెట్టి కొలిచాను. అరవై మూడు.

సరిపోకపోవడమే మేలైంది, ఎందుకంటే ఆ కూలర్ పాడుది. నీ రికార్డు హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. ఫ్యాను చప్పుడు మెత్తగా, బావుంది. కానీ దాని వెనక సన్నగా ఈల. మామూలు చెవికి ఆనదు. నాలుగు సెకన్లకోసారి మొదలై, కొంచెం పైకి లేచి, తెగిపోతుంది. మళ్ళీ వస్తుంది. లోపల బేరింగ్ ఎండిపోయి ఉంటుంది. కొత్త సరుకు అని డబ్బా మీద మెరిసే కాగితం అంటించి ఇలాంటివి అంటగడతారు. నమ్మిన వాళ్ళ చెవులు మూసుకుపోయాయనుకుంటారు కాబోలు. నాకైతే ఆ ఈల వింటే ఒంటి మీద ఏదో పాకినట్టయింది. ఎందుకో చెప్పలేను. మామూలుగా మిషన్ చప్పుడుకి చిరాకు వస్తుంది, దీనికి జుగుప్స కలిగింది. రెండోసారి వినలేకపోయాను.

వెనక్కి పంపుతున్నాను. షాపువాడి మొహాన కొట్టు.

ఇంకో మాట. ఆ కస్టమర్‌ని వెనకేసుకు రావద్దు. చేతులు ఖాళీగా ఉంటే అల్లిక నేర్చుకోమను. తనని తాను తిట్టుకుంటాడట! తిట్టుకున్నందుకు మార్కులు వేస్తారా? తిట్టుకోవడం కూడా వాడికి ఇంకో సిగరెట్ లాంటిదే, అయిపోగానే హాయిగా ఉంటుంది. ఇంట్లోవాళ్ళకి మిగిలేది మసి.

పుస్తకం మొదలుపెట్టాల్సిన గడువు మార్చి నెలాఖరు.

అక్క

*

ఫిబ్రవరి 24

అక్కకి,

చిప్ పైనుంచి అని చెప్పకపోవడం నా పొరపాటే. ఒప్పుకున్నాను, చాలా?

ఈల నాకు వినపడలేదు. రెండుసార్లు విన్నాను. అయినా నీ చెవి మీద నాకు నమ్మకం, కాబట్టి ఇంకో కంపెనీది తెప్పించాను. యాభై ఎనిమిది మిల్లీమీటర్లు. ఆరు రాగి గొట్టాలు, ఆ చివర నుంచి ఈ చివర దాకా రేకులు, పైన పన్నెండు సెంటీమీటర్ల ఫ్యాను. దాని కింద నీ ర్యామ్ పట్టీలు కూడా తగలకుండా దూరతాయి. నువ్వు ఆటలాడవు, సినిమాలు కత్తిరించవు, మాట రికార్డు చేస్తావంతే. నీ పనికి ఈ ఫ్యాను నిమిషానికి ఆరువందల చుట్లు తిరిగితే చాలు, చిప్ వేడి యాభై అయిదు డిగ్రీలు దాటదు. మూడు రోజులు ఆపకుండా నడిపి చూశాను. నేను ఇంతకంటే మంచిది ఎంచలేను.

ఫ్యాను నాలుగు మూలల్లో రబ్బరు వాషర్లు కనిపిస్తాయి, తీసెయ్యకు. అవి కంపెనీవి కావు. పాత సైకిల్ ట్యూబ్‌లోంచి కోశాను. ఫ్యాను వణుకు రేకులకి పాకకుండా ఆపుతాయి. నాన్న సైకిల్ షాపులో రబ్బరు కోసే ఆ చిన్న పంచ్ గుర్తుందా? అంచు విరిగింది, కోసిన ప్రతి వాషర్‌కీ ఒక పక్క పంటిగాటు పడుతుంది. దాన్నే ఇంకా వాడుతున్నా. ఈ మధ్య కనిపెట్టిన కిటుకు ఇది, ఎవరికీ చెప్పకు. కస్టమర్లకి ఇంత ఓపిక పడను, నా సొంత మిషన్‌కి చేసుకున్నాను, ఇప్పుడు నీకు.

దీనిది కూడా ఒక నిమిషం రికార్డు చేసి కార్డు పెట్టాను.

ఇంటికి రంగులు వేయిస్తున్నాను. ఆ వాసన పడక మరదలు వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళింది.

తమ్ముడు

*

మార్చి 4

ఒరేయ్,

నాకు అసహ్యం వేస్తోంది, మనుషుల మీద, కంపెనీల మీద, అందరి మీద.

దీన్లో కూడా అదే ఈల! కంపెనీ వేరు, ఫ్యాను వేరు, ఈల అదే. నాలుగు సెకన్లు, పైకి లేవడం, తెగిపోవడం. మొదటిదానికంటే కాస్త ఎక్కువగా కూడా ఉంది. నలభై ఒకటో సెకనులో ఏదో "టిక్" మంది. అక్కడ ఈల ఆగి, మళ్ళీ మొదలైనప్పుడు ఇంకా సాగింది. స్క్రూ వదులయి ఉంటుంది. పేర్లు మార్చుకుని ఒకే చెత్త అమ్ముతున్నారన్నమాట. ఇంత సరుకు తయారుచేసేవాళ్ళలో ఒక్కడికీ చెవులు లేవా?

నీకు కూడా లేవు. ఇది వినపడలేదని రాయకు. చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్ళు, నిజంగా చెప్తున్నాను. కూలర్ డబ్బా విప్పను కూడా విప్పలేదు, బల్ల కింద పెట్టాను. చూస్తేనే చిరాకు.

రెండో నిమిషం పాత ఫ్యానుతోనే, దాని మీద దిండు కప్పి పంపాను. సిగ్గుచేటు, తెలుసు. "తిరస్కారం. ఫ్యాను, దిండు కింద" అని రాశాడు చెవులాయన. దిండు కూడా వినపడిందిరా వాడికి! ఇక మిగిలింది ఒక్కటి.

ఆరేళ్ళు అడిగిన పుస్తకం. ఫ్యాను మూలంగా పోతుంది.

అక్క

*

మార్చి 13

అక్కా,

నా రికార్డులు ఇక వినకు. అవి పారెయ్యి. నా గది మంచిది కాదు, వాటిని పంపడం నా బుద్ధితక్కువ.

కొత్తదాన్ని ఒక్కసారి నీ పెట్టెలో బిగించి, నీ గదిలో, నీ మైకుతో, నువ్వే రికార్డు చేసి విను. అప్పుడు తిట్టు. అది మంచి కూలర్. ఇంతకుముందుదీ మంచిదే. ఈ ఒక్క మాటా నమ్ము.

అంతకంటే రాయడానికి ఓపిక లేదు.

తమ్ముడు

*

మార్చి 22

తమ్ముడికి,

ముందు మంచి కబురు, తర్వాత మిగిలింది. నీ పొడి ఉత్తరానికి అలిగి రెండు రోజులు పెట్టె ముట్టుకోలేదు. చివరికి గడువు గుర్తొచ్చి బిగించాను. తలుపు మూసుకుంది. స్విచ్చి వేసి, పది నిమిషాలు, అరగంట, గంట కూర్చున్నాను. కరెంటు పోయిందేమో అనుకుని లైటు చూశాను. నిమిషం రికార్డు చేసి, హెడ్‌ఫోన్ పెట్టుకుని అయిదుసార్లు విన్నాను. ఏమీ లేదు. ఫ్యాను లేదు. ఈల లేదు. చెవులాయనకి పంపాను. ఒకే ముక్క వచ్చింది: "శుభ్రం." పుస్తకం నాదే.

నువ్వు ఎంచింది సరిగ్గా ఎంచావు. అది నీ పనితనం. అది కాదనను.

ఈల ఏమైంది మరి? నువ్వు పారెయ్యమన్నావని పారేస్తానా? నీ రెండో రికార్డు మళ్ళీ పెట్టుకున్నాను. ఉంది. అదే కూలర్, నా గదిలో లేని ఈల నీ గదిలో ఉంది. రంగులు వేసేవాళ్ళ చప్పుడేమో అనుకున్నాను. తర్వాత లెక్కపెట్టాను. నిమిషానికి పద్నాలుగు. ఏ మిషనూ నిమిషానికి పద్నాలుగుసార్లు చప్పుడు చెయ్యదు. మనిషి చేస్తాడు. ఊపిరి వదిలేటప్పుడు.

అటక మీద నుంచి ఆ మొదటి కూలర్ దించాను. పేపరు విప్పాను. మళ్ళీ అదే వాసన. ఫ్యాను విప్పి మూలలు చూశాను. నాలుగు రబ్బరు వాషర్లు ఉన్నాయి, పసరు పట్టి జిగురుగా. సూదితో గీకాను. ప్రతిదానికీ ఒక పక్క పంటిగాటు ఉంది.

కస్టమర్లకి అంత ఓపిక పడవు నువ్వు. నువ్వే రాశావు.

ఏడాది కిందటి మోడల్. ఆస్పత్రి నుంచి వచ్చి రెండేళ్ళు. అంటే ఆ పసరంతా ఆస్పత్రి తర్వాతిదే. పదకొండు దూదులు, పదకొండు రోజులు. ఫోన్లు వద్దన్నది నా గొంతు కోసం కాదు, నీ గొంతు నాకు వినపడకుండా. ఎంత ముచ్చటపడ్డానో, నా గొంతు గురించి ఆలోచించావని! నిన్న మరదలికి ఫోన్ చేశాను. "మా ఇంటికి రంగులా? ఎవరు చెప్పారొదినా?" అంది. తర్వాత ఏడ్చింది.

ఇక ఆ నలభై ఒకటో సెకను. అది స్క్రూ కాదు. లైటర్. నాకు నిశ్శబ్దం రికార్డు చేసి పంపడానికి కూర్చుని, ఒక్క నిమిషం, ఒకే ఒక్క నిమిషం ఆగలేక, మధ్యలో అంటించావు.

నాకు నీ మీద అసహ్యం వేసింది. మెత్తగా చెప్పడం నాకు రాదు. రోత పుట్టింది. నా మీద కూడా పుట్టింది. పైకి చదివే మనుషుల ఊపిరి ఎక్కడ తెగుతుందో పట్టడమే నా పని, నా సొంత తమ్ముడి ఊపిరి విని బేరింగ్ అనుకున్నాను. మంచి కూలర్‌ని షాపువాడి మొహాన కొట్టించాను. నాన్న చివరి ఏడాది పక్కగదిలోంచి వచ్చింది కూడా ఈ చప్పుడే కదా. అందుకే ఒంటి మీద ఏదో పాకింది. ఒంటికి తెలిసింది, బుర్రకి తెలియలేదు.

ఆ కస్టమర్ గురించి నేను రాసినవాటిలో ఒక్క ముక్క కూడా వెనక్కి తీసుకోను. అన్నీ నీకే, పై విలాసానికే.

ఇప్పుడు విను. తిట్టుకుంటూ నాకు ఉత్తరం రాయకు, అది చదవను. ఒట్లు వెయ్యకు. ఆదివారం ఆదివారం ఒక నిమిషం రికార్డు చేసి పంపు. కూలర్ వద్దు, ఫ్యాను వద్దు, మిషన్లన్నీ ఆపేసి, ఆ మైకు ముందు ఊరికే కూర్చో. ఉత్తరంలో నువ్వు నాకు అబద్ధం చెప్పగలవు. నిమిషంలో చెప్పలేవు.

అక్క

*

ఏప్రిల్ 2

అక్కా,

నీ మార్చి నాలుగు నాటి ఉత్తరం చదివి, ఈల ఏమిటో కనుక్కుందామని మిషన్లన్నీ ఆపేసి ఊరికే మైకు పెట్టి చూశాను. గదిలో ఏమీ తిరగడం లేదు. ఈల ఉంది. ఊపిరి బిగపట్టాను. ఆగింది. నీకు రాసే ధైర్యం లేకపోయింది.

ఇంతకంటే రాస్తే నువ్వు చదవనన్నదే అవుతుంది.

వెనకగది గోడలు ఇప్పుడు నిజంగానే కడుగుతున్నాను. మూడు బకెట్ల నీళ్ళు టీ రంగుకి తిరిగాయి. రేపు ఆస్పత్రికి వెళ్తున్నాను, మరదలు తోడు వస్తానంది. ఇంటికి మాత్రం ఇంకా రానంది.

కార్డు కింద అంటించాను. మొన్న ఆదివారంది.

తమ్ముడు

*

ఏప్రిల్ 11

చిన్నోడా,

నీ నిమిషం విన్నాను. ఫలితం కింద రాస్తున్నాను.

తిరస్కారం. పదమూడు ఈలలు. ఇరవయ్యో సెకనులో దగ్గు, యాభై మూడులో మళ్ళీ దగ్గు. కుర్చీ ఒకసారి కిర్రుమంది.

టిక్ లేదు. నాలుగుసార్లు విన్నాను, లేదు.

మూడే అవకాశాలు అని నేను అనను. వచ్చే ఆదివారంది పంపు.

అక్క